గడప మీద పరుపు

షంషాద్ బీ ఇంటి గడప మామూలు గడప కాదు. మూరెడు ఎత్తున్న నల్లబండ. కల్లూరు అంచున కాలువ గట్టు కిందనే ఇల్లు కావడం వల్ల, కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో ఊట వచ్చి వాకిలంతా చిత్తడి అవుతుంది. దూది ఏకే ఇంట్లోకి తడి దూరిందంటే ఆ ఏడాది కూడు పోయినట్టే. అందుకని ఆమె మొగుడు, బతికున్న రోజుల్లో, ఎడ్లబండి మీద ఆ బండ తెప్పించి నలుగురు మనుషుల్ని పెట్టి పాతించాడు. ఆయన పుణ్యమా అని దూది తడవలేదు. కానీ అదే ఏడు, మూడేళ్ళ కూతురు మున్నీకి జ్వరం తగిలి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి, నడుము వంకర తిరిగింది. అప్పటినుంచి ఆ పిల్లను ఆ బండ దాటించడమే షంషాద్ బీ బతుకైపోయింది.

ఇంటికున్నది ఒకే వాకిలి. దొడ్డికి పోవాలన్నా, నీళ్ళు పోసుకోవాలన్నా, నాలుగు ముఖాలు చూడాలన్నా గడప దాటాల్సిందే. మున్నీకి పెళ్ళయింది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి కొడుకును కన్నది. అయినా ఎత్తేది తల్లే. కూతురి ఒళ్ళు పెరిగే కొద్దీ తల్లి నడుము వంగుతూ వచ్చింది, అంతే తేడా.

ఆ పొద్దు కూడా కూతురి చంకల కింద చేతులు వేసి, పళ్ళు బిగబట్టి లేపింది. ఒక కాలు గడప మీద పెట్టి రెండో కాలు అవతల వేసేసరికి నడుము పట్టేసింది. "యా అల్లా" అంటూ అట్లాగే గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"దించు మా, కొంచేపు కూసుంటా," అంది మున్నీ.

"దించితే మళ్ళా ఎత్తల్ల గదా," అంది షంషాద్ బీ.

ఆ మాటలో కోపం లేదు. విసుగు కూడా లేదు. విసుక్కోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది అయిపోయి చాలా ఏళ్ళయింది.

సరిగ్గా అప్పుడే పడవ నడిపే హనుమన్న గట్టు దిగి వచ్చాడు. తల్లీకూతుళ్ళు అట్లా గోడకు అతుక్కుని ఉండడం చూసి, చూడనట్టు కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. మర్యాద తెలిసిన మనిషి. మున్నీని వాకిట్లో చాప మీద కూర్చోబెట్టాకనే నోరు విప్పాడు.

"షంషాదక్కా, ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. ఎల్లుండి మొబ్బుతోనే, తెల్లారకముందే, పడవ కిందికి పోతాండాది. అదే ఆఖరు. మళ్ళా పడవ రాదు."

"ఏమప్పా, కాలువ ఎండిపోతాండాదా?"

"కాలువకేం, నీళ్ళు పారతానే ఉంటాయి. పడవల కోసరం ఇంక లాకులు తెరిచేది లేదంట, దొరలు ఉత్తర్వు ఇచ్చినారు. సరుకంతా రైళ్ళకూ మోటార్లకూ పాయ. పడవలో ఎవరెక్కుతాండారు చెప్పు? నాది కూడా నంద్యాల దిక్కు ఒడ్డుకు లాగేసి పలకలు అమ్ముకునేదే."

ఎవరెక్కుతారని అడిగి, హనుమన్న నాలుక కరుచుకున్నాడు. ఎక్కే మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

కాలువ తవ్వించిన దొరలకు మున్నీ బీ సంగతి తెలియదు. వాళ్ళు నీళ్ళ కోసం తవ్వారు, సరుకు కోసం తవ్వారు. కానీ ఈ జిల్లాలో ఆ పిల్లకు కాళ్ళంటూ ఉన్నాయంటే అవి ఆ కాలువే. ఎద్దులబండి ఎక్కిస్తే రెండు మైళ్ళు పోకముందే కుదుపులకు నడుములో పోటు పుట్టి తెలివి తప్పుతుంది. ఒకసారి అట్లా ఎక్కించి, నెల రోజులు మంచం మీద చూడాల్సి వచ్చింది. మోటారు బస్సు దగ్గరికి తీసుకుపోతే, లోపలికి ఎత్తేదెవరు, దారిలో దించేదెవరు, మిగతా జనం ఊరుకుంటారా అని బస్సు మనిషి పది ప్రశ్నలు వేసి చివరికి తలుపేసుకున్నాడు. రైలు ఉంది, లేకేం! రైలు మెట్టు మనిషి నడుమెత్తు ఉంటుంది. పైగా మున్నీ అత్తవారి ఊరు గుండ్లపల్లెకు రైలు పోదు. స్టేషన్‌లో దిగి నల్లరేగడి బాటలో పూటంతా బండి మీద పోవాలి. పడవకు ఈ పీడ లేదు. ఒడ్డుకు ఆనుకుని నిలబడుతుంది, ఎక్కించి చాప మీద కూర్చోబెడితే గుండ్లపల్లె లాకు దాకా ఒంట్లో ఒక్క ఎముకా కదలదు.

అసలు మున్నీకి పెళ్ళి కుదిరింది కూడా పడవ వల్లనే. వలి సాహెబ్ గుండ్లపల్లెలో దూది ఏకేవాడు. మొదటి పెళ్ళాం పోయింది. పడవ మీద దూది కొనడానికి వచ్చి, ఈ వాకిట్లో కూర్చుని పరుపు కుడుతున్న మున్నీని చూశాడు. మళ్ళీ పడవకు వచ్చాడు, దూది కొనలేదు. మూడోసారి వచ్చి పిల్లను అడిగాడు. ఊరంతా నవ్వింది. షంషాద్ బీ నవ్వలేదు, ఏడవనూ లేదు. కూతురిని పడవ ఎక్కించిన రోజున ఇంటికి వచ్చి, పగలంతా పడుకుంది.

"మా అల్లుడేమన్యాడప్పా?" అని అడిగింది ఇప్పుడు.

"పోయినసారి లాకు కాడ కనపడినాడు. 'అత్తతో చెప్పు. పంపితే ఈడనే కాసుకోనుంటా. చిల్లా నిండల్ల అంటే ఆమె ఇష్టం' అన్యాడు. నీ మాట దాటే మనిషి కాడక్కా."

"ఎల్లుండికి కూడా చిల్లాకు ఐదు రోజులు తక్కువుండాది," అంది షంషాద్ బీ వెంటనే. "చిల్లా తానం కాకుండా బాలింత పారే నీళ్ళు దాటగూడదు."

"దాటేదేముందిలే అక్కా, నీళ్ళ వెంబడి పోయేదే గదా."

"ఎగతాళా అప్పా?"

"కాదక్కా. లాకు కాపలా మనిషి ఎల్లుండి పొద్దెక్కినాక తాళాలు ఇచ్చేయల్లంట. ఐదు రోజులు ఆపమంటే నేనెవర్ని?" అని హనుమన్న తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ప్రసవమైన నలభై రోజులకు, అంటే చిల్లా నిండాక, స్నానం చేయించి, దువా చదివి, ఆ తరువాతే బాలింతను పొలిమేర దాటించడం వాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి పద్ధతి. షంషాద్ బీ నలుగురిని కన్నప్పుడూ అట్లాగే చేసింది. ముగ్గురు దక్కలేదు, అది వేరే సంగతి. పద్ధతి మాత్రం తప్పలేదు. కానీ ఆ ఐదు రోజులు తక్కువైనందుకు ఆమె లోపల ఎక్కడో నెమ్మది కలిగింది. పడవ పోతుంది. పిల్ల ఉంటుంది. పాపం తనది కాదు, చిల్లాది. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది, అయినా వదల్లేకపోయింది.

మధ్యాహ్నం విల్లు పట్టుకుని దూది ఏకడానికి కూర్చుంది. మొగుడు పోయాక ఆ విల్లు ఆమె చేతికి వచ్చింది. బియ్యం అంగడి నరసన్నకు మూడు పరుపులు కుట్టి గోడవారగా పెట్టి ఉన్నాయి, ఇంకొకటి బాకీ. నారి మోగినప్పుడల్లా దూది పొగలాగా లేచి ఇల్లంతా కమ్ముకుంటోంది. మున్నీ పిల్లవాడికి పాలిచ్చి, ఉయ్యాలలో వేసి, నెమ్మదిగా అడిగింది.

"మా, పీర్ బాషా తాతను అడగరాదా? ఐదు రోజులు ముందే తానం పోస్తే తప్పా అని?"

విల్లు ఆగింది.

"ఏం, ఈడ నీకు ఏం తక్కువైంది?"

"తక్కువ కాలేదు మా."

"మరి? ఇన్నేండ్లు మోసినా. ఒక్కపూటన్నా చీ అంటినా?"

"అనలేదు." మున్నీ ఉయ్యాల తాడు లాగింది. తరువాత అంది, "ఆడ గడప లేదు మా."

"గడప లేని ఇల్లు యాడుంటాదే?"

"ఉండేది. ఆయప్ప తవ్వేసినాడు. నేల చదును చేసి, అలికిచ్చినాడు. కింద చక్రాలుండే పలక ఒకటి చేయించినాడు. దాని మీద కూసోని చేతుల్తో నెట్టుకుంటా పొయ్యి కాడికి పోతా, వాకిట్లోకి పోతా. కుండ కిందనే పెట్టినాడు. దప్పికైతే నేనే ముంచుకుంటా."

"వానొస్తే దూది గతేమి?"

"నేనూ అదే అడిగినా. 'వాన ఏడాదికి నాలుగు దినాలు. ఆ నాలుగు దినాలు దూదిని ఎత్తి పెట్టుకుంటాలే' అన్యాడు."

 అల్లుడు మంచివాడని షంషాద్ బీకి తెలుసు. ఇంత మంచివాడని తెలియకపోతేనే బాగుండేదనిపించింది.

"ఆ పలక మరి ఈడికెందుకు తేలేదు?"

"ఈడ దానికి దారి యాడుండాది మా?" అంది మున్నీ గడప వైపు చూస్తూ.

సాయంత్రం షంషాద్ బీ పీర్ బాషా దగ్గరికి వెళ్ళింది. కూతురు అడిగిందని వెళ్ళింది గాని, ఆయన వద్దంటాడనే ధైర్యంతో వెళ్ళింది. మసీదులో పిల్లలకు చదువు చెప్పే ముసలాయన పద్ధతుల విషయంలో మహా గట్టి అని పేరు. అరుగు మీద కూర్చుని గడ్డం దువ్వుకుంటూ అంతా విన్నాడు.

"పడవ పోతే మళ్ళా లేదంటావు?"

"లేదంట మామా."

"బండి మీద పంపితే పిల్ల బతకదంటావు?"

ఆమె కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

"అట్లయితే ఇంక ఆలోచన ఏముండాది బిడ్డా? కష్టమొచ్చినప్పుడు ఐదు రోజులకు దేవుడు లెక్క అడగడు. మూడు చెంబులు నెత్తిన పోసి, దువా చేసుకోని పంపించు. మొగుని కాడికి పోయే పిల్లను ఆపితే నాకూ పాపమే, నీకూ పాపమే."

ఆ గట్టి మనిషికి ఈ ఒక్క రోజే మెత్తబడాలని ఎందుకు తోచిందో! షంషాద్ బీ తిరిగి వస్తూ గట్టు మీద కూర్చుంది. కాలువ నిండుగా, సడి లేకుండా పారుతోంది. పిల్ల వెళ్ళిపోతే పొద్దున లేచి తను ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఈ చేతులు ఎవరిని ఎత్తాలి? ఎత్తలేక ఎత్తలేక ఎత్తిన ఒళ్ళు, తీరా ఎత్తనక్కరలేదంటే ఊరట రావాలి కదా. రాలేదు. భయమేసింది. ఇల్లు చేరి, కూతురు అడగకముందే గోడ వైపు తిరిగి చెప్పేసింది.

"ఒప్పుకోలేదు. చిల్లా చిల్లానే అన్యాడు."

 మరుసటి రోజంతా మున్నీ ఎత్తినప్పుడు ఎత్తించుకుంది, దించినప్పుడు దిగింది. పొద్దు గూకాక షంషాద్ బీ చాప మీద వాలింది. అబద్ధం చెప్పిన మనిషికి నిద్ర పట్టదంటారు గాని, అలసిన మనిషికి అదేమీ అడ్డం కాదు. రాయిలాగా నిద్రపోయింది.

చలిగాలి తగిలి మెలకువ వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బయట ఇంకా వెలుగు రాలేదు, తూరుపు దిక్కు బూడిద రంగు తేలుతోంది. ఉయ్యాల ఖాళీ. మున్నీ పడక ఖాళీ.

దిగ్గున లేచి వాకిలి దగ్గరికి పోయి ఆగిపోయింది. నరసన్న కోసం కుట్టిన పరుపులు గడప మీద ఉన్నాయి. ఒకటి మడిచి లోపలి పక్క గడపకు ఆనించి ఉంది. ఇంకొకటి అట్లాగే మడిచి బయటి పక్క వేసి ఉంది. మూడోది ఆ రెండింటి మీదుగా, బండను కప్పేస్తూ పరిచి ఉంది. లోపలినుంచి బయటికి ఎక్కి దిగే మెత్తటి మెరక. దాని మీద నడుమ ఒళ్ళు జరిగిన లోతైన చార.

షంషాద్ బీ ఆ పరుపుల మీదుగానే పరుగెత్తింది. వాకిట్లో మట్టిలో అదే చార, రెండు పక్కలా అరచేతుల గుర్తులు. గట్టు మీదికీ అదే చార.

రేవు మెట్ల పైన మున్నీ కూర్చుని ఉంది. పిల్లవాడిని పాత చీరతో గుండెకు కట్టుకుంది. అరచేతులు గీరుకుపోయి నెత్తురు చెమ్మగా ఉంది. తల్లిని చూసి బెదరలేదు.

"మెట్లు ఎత్తుగా ఉండాయి మా," అంది. "బిడ్డ లేకుంటే దిగేదాన్ని."

"నాతో చెప్పకుండా పోతాండావా?"

"చెప్తే పోనిచ్చేదానివా? తాత వద్దన్లేదు గదా."

షంషాద్ బీ పక్కనే మెట్టు మీద కూలబడింది. "ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నువ్వే. వచ్చినప్పటినుంచి నా మొగం చూడలేదు. ఎత్తేటప్పుడు కూడా చూడలేదు. ఇన్నేండ్లలో ఎప్పుడూ అట్ల ఎత్తలేదు నువ్వు."

కాలువ మలుపులో లాంతరు కనిపించింది. గట్టు మీద తాడు లాగేవాళ్ళ అరుపులు, వాళ్ళ వెనక నల్లగా పడవ. హనుమన్న దూరం నుంచే "అక్కా" అని కేక వేశాడు. ఆపాలా పోవాలా అన్నట్టుంది ఆ కేక.

పోనిమ్మని చెయ్యి ఊపితే చాలు. పడవ ఆగదు. మున్నీకి తనంతట ఈ మెట్లు దిగే దారి లేదు. షంషాద్ బీకి అది తెలుసు, మున్నీకీ తెలుసు. మున్నీ బతిమాలలేదు, తల్లి ముఖంలోకి చూసింది. షంషాద్ బీకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఈ పిల్ల చీకట్లో, పసిగుడ్డును గుండెకు కట్టుకుని, నెత్తురు కారేటట్టు పాకి వచ్చింది తన నుంచి తప్పించుకోవడానికా? అంతకంటే తను ఆ అబద్ధం చెప్పిన క్షణంలోనే చచ్చి ఉంటే బాగుండేది.

"ఆపప్పా! ఆపు!" అని అరిచింది.

మెట్లు దిగి నీళ్ళలో చేతులు ముంచింది. చెంబు లేదు. దోసిట్లో పట్టిన నీళ్ళు పైకి వచ్చేసరికి సగం కారిపోయాయి. మిగిలినవి "బిస్మిల్లా" అంటూ కూతురి నెత్తిన పోసింది. మళ్ళీ దిగింది, మళ్ళీ పోసింది. మూడోసారీ పోసింది. తడిసిన జుట్టును కొంగుతో తుడిచి, కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మున్నీ చిల్లా అట్లా ముగిసింది.

"నేను పట్టుకుంటా అక్కా," అని హనుమన్న పడవ దిగి వచ్చాడు.

"వద్దప్పా. ఈ పొద్దుకు నేనే."

చంకల కింద చేతులు వేసి లేపింది. తల్లి, కూతురు, మనవడు, ముగ్గురి బరువూ ఆ వంగిన నడుము మీదనే. ఒక్కొక్క మెట్టూ దిగింది.

"బరువుండానా మా?"

"ఉండావు. ఎప్పుడు లేవు?"

ఇద్దరూ నవ్వారు, అదీ ఏడుస్తూనే. పడవలో సరుకేమీ లేదు, ఒక మూలన చాప పరిచి ఉంది. దాని మీద కూర్చోబెట్టి, కాళ్ళు రెండూ సర్ది, పిల్లవాడి తల మీద గుడ్డ కప్పింది. ఇంకా ఏదో సర్దాలన్నట్టు చేతులు వెతుక్కున్నాయి గాని సర్దడానికి ఏమీ మిగల్లేదు.

"మళ్ళా ఎప్పుడే?"

"నేను రాలేను మా. నువ్వే రావల్ల. నీకు కాళ్ళుండాయి గదా."

ఆ మాటలో దెప్పు లేదు. ఉన్న మాటే అన్నది. తాడు బిగిసింది, పడవ కదిలింది. మలుపు తిరిగేదాకా షంషాద్ బీ మెట్ల మీదనే నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి తెల్లారింది. గడప దగ్గర అలవాటు కొద్దీ కాలు ఎత్తబోయింది. అక్కరలేకపోయింది. పాదం పరుపు మీద మెత్తగా ఎక్కి, మెత్తగా దిగింది. బండ తగలనే లేదు. ఇంటి నిండా దూది పెట్టుకుని ఇన్నేళ్ళు ఆ పిల్లను చేతుల మీద ఎత్తింది. ఒక్క పరుపు వేద్దామని తనకు తోచలేదు, మొగుడికీ తోచలేదు. గడప లేని ఇంట్లో నాలుగు రోజులు తనంతట తను తిరిగిన పిల్లకు తోచింది. షంషాద్ బీ ఆ పరుపు మీదనే కూర్చుండిపోయింది. లేవడానికి నడుము సహకరించలేదు.

పొద్దెక్కాక బియ్యం అంగడి నరసన్న వచ్చాడు. మట్టి కొట్టుకుపోయిన తన పరుపులను చూసి నోరు తెరిచాడు.

"ఇదేందక్కా? నా పరుపులు గడప మీద ఉండాయి?"

"వేరేవి కుట్టి ఇస్తాలే అప్పా. వారం ఆగు."

"సరే, ఆగుతాలే. ఇవన్నా తీసి దులిపి లోపల పెట్టు. వానొస్తే పాడైపోవా?"

"ఇవి తియ్యను. ఈడనే ఉంటాయి."

"ఎవరి కోసరం? హనుమన్న పడవలో మీ పిల్ల పోయిందంట గదా."

షంషాద్ బీ లేవబోయి, లేవలేక, గోడకు చెయ్యి ఆనించి మళ్ళీ కూర్చుంది.

"నాకే అప్పా. రేపు నన్ను ఎత్తేవాళ్ళు ఎవరుండారు?"

 నరసన్న వంగి ఆమె మోచెయ్యి పట్టుకుని లేపి, ఇంటిదారి పట్టాడు.